పిల్లమ్మ అడుగునించి తెచ్చిన గాలి

మినప్పిండి రుబ్బింది చాలునా లేదా అని ఎట్ల చూస్తామో మీకు తెలుసు కదా. చిటికెడు పిండి తీసి గిన్నెడు నీళ్ళలో వేస్తాం. తేలితే వడ తట్టొచ్చు. మునిగితే ఇంకా రుబ్బాల. ముప్పై ఏండ్లుగా నేను చేసేది ఇదే. దీనికి ఒక శాస్త్రం ఉండాదని, అది నేర్చుకునేదానికి జనం బ్రూక్‌ఫీల్డ్ నించి కార్లేసుకుని వస్తారని మాత్రం నాకు మొన్నటిదాకా తెలీదు.

నా పేరు పాపక్క. బెంగుళూరు బెళ్ళందూరులో, అపార్ట్‌మెంట్ల ఎనక సందులో నా బండి ఉండాది. పొద్దున ఇడ్లీ, వడ, చిత్రాన్నం. మధ్యాన్నం సంగటి ముద్ద, దాంట్లోకి పోసుకునే పప్పు సారు. బండి కొక్కేనికి షాంపూ ప్యాకెట్ల దండ ఒకటి ఏలాడతా ఉంటాది. ఎందుకంటే ఎదురుగా ఒక స్విమ్మింగ్ పూల్ ఉండాది, అందులోనించి వచ్చినోళ్ళు తలకి పోసుకోవాల కదా.

అది అందరూ ఈదులాడే పూల్ కాదు. పదహారడుగుల లోతు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ కింద తిరిగేది నేర్పిస్తారు. స్కూబా అంటారు. ఇక్కడ నేర్చుకుని తర్వాత సముద్రానికి పోతారంట. సముద్రం లేని ఊర్లో కూర్చుని సముద్రం అమ్ముతా ఉండాడు ఆ పూల్ ఓనరు గురుమూర్తి సారు. నేను ఇడ్లీ అమ్మేది ఏం గొప్ప.

నేను చెప్పబోయేది సారు గురించి కాదు. అక్కడ నేల తుడిచి, టవల్స్ ఉతికి ఆరేసే పిల్లమ్మ గురించి. ఆయమ్మ వయసు ఆధార్ కార్డులో నలభై ఎనిమిది. ఆయమ్మ మోకాళ్ళని అడిగితే అరవై అంటాయి. నోరు మాత్రం పదహారేండ్లదే. నేను చూసినంతలో ఆ నోరు మూత పడింది లేదు. నిద్రలో కూడా ఎవరినో తిడతా ఉంటాదని వాళ్ళ కోడలు చెప్పింది. పూల్‌లో ఉమ్మేసేవాళ్ళని, పూల్‌లోనే ఇంకోటి చేసేవాళ్ళని, తడి కాళ్ళతో నడిచేవాళ్ళని, వాళ్ళ ఆడబిడ్డని, నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ని, అందరినీ వరసగా తిడతా తిడతా తుడుస్తాది. మాటకి మాప్ కర్ర తాళం.

చింతామణి ఊరి పక్క పల్లె ఆయమ్మది. వాళ్ళ నాయన నాగప్ప బావుల్లో మునిగే మనిషి. అదే ఆయప్ప పని. బిందె బావిలో పడినా, బొక్కెన తాడు తెగినా, మోటరు పైపు ఊడి కిందికి పోయినా నాగప్పని పిలిచేవాళ్ళు. ఆయప్ప ఒక గుండు రాయిని కడుపుకి కరుచుకుని దిగేవాడంట. రాయే అడుక్కి తీసుకుపోతాది, కాళ్ళు చేతులు ఆడించి ఊపిరి ఖర్చు పెట్టుకునే పని లేదు. అడుగు తాకినాక రాయిని వదిలేసి, పడిన వస్తువు తడుముకుని పైకి వచ్చేది. రాయికి తాడుంటాది, పైనోళ్ళు లాక్కుంటారు.

బావి ఇరుకైతే పిల్లమ్మని దింపేవాడు. ఎనిమిదేండ్ల పిల్ల. చెవులు నొప్పెడితే ఎంగిలి మింగు, నూరు లెక్క పెట్టేలోపల వచ్చేయి, ఏం జరిగినా ఊపిరి వదలొద్దు, వదిలితే సస్తావు. ఇంతే ఆయమ్మ చదివిన చదువు. ఉగ్గుతో పెట్టినట్లు ఒంట్లో కలిసిపోయింది.

తర్వాత బోర్లు వచ్చినాయి. "బోరులోకి మా నాయన చెయ్యే దూరదు, ఇంక మనిషి ఎట్ల దూరతాడు" అంటాది. బావులు ఎండిపోయినాయి, చెత్తేసి పూడ్చినారు. నాగప్ప పోయినాడు. పిల్లమ్మ పెండ్లి చేసుకుని బెంగుళూరు వచ్చి చీపురు పట్టింది.

ఇంక పూల్‌లో నేర్పించేది కౌశల్ మాస్టరు. కాకినాడాయన. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వదిలేసి వచ్చినాడంట, అది ఆయన చెప్పినప్పుడంతా పిల్లమ్మ నెత్తి కొట్టుకుంటాది. ఆయన పద్ధతి ఏమంటే, చెప్తే ఎక్కదు, చూపిస్తే ఎక్కుతాది. అందుకని ఆదివారమైతే నీళ్ళలో ఏదో ఒక ఆట. చిప్స్ ప్యాకెట్ నా దగ్గరే కొని అడుక్కి తీసుకుపోతాడు. పైన ఉబ్బినట్లుండే ప్యాకెట్, అడుగున పండ్లు ఊడిన ముసలాయప్ప బుగ్గ మాదిరి లోపలికి పోతాది. నీళ్ళ బరువు నొక్కేస్తాదంట. పైకి తెస్తే మళ్ళీ ఉబ్బుతాది. అడుగున బెలూన్ ఊది వదిల్తే, అది పైకి వస్తా వస్తా పెద్దదై ఠప్పున పగులుతాది. కింద చిన్నగా ఉండే గాలి పైకొచ్చేకొద్దీ పెరుగుతాది, అదీ పాఠం.

కడుపులో గాలి కూడా అంతే. అందుకే దిగే రోజు గుగ్గిళ్ళు తినొద్దంటాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నించి ఒకాయన వినకుండా నా దగ్గర రెండు ప్లేట్లు శనగ గుగ్గిళ్ళు తిని దిగినాడు. పూల్ కింద గదిలో గోడకి ఒక గాజు కిటికీ ఉండాది, లోపల జరిగేదంతా కనిపిస్తాది. ఆయన బుడగలు కొన్ని నోట్లోనించి వచ్చినేవి కాదని కిటికీ దగ్గరున్నోళ్ళందరికీ తెలిసిపోయింది.

ఒక దినం గుడ్డు తీసుకుపోయి అడుగున పగలగొట్టినాడు. సొన కారిపోకుండా చేతిలో బంతి మాదిరి నిలిచింది. బాగుండాదని అందరూ ఫోటోలు తీసుకుంటా ఉంటే ఎవడో వేలు పెట్టినాడు. తర్వాత మధ్యాన్నం దాకా పిల్లమ్మ వలతో దేవుతానే ఉంది.

"ఏమప్పా కౌశలూ, ఇది పూలా, ఆమ్లెట్ వేసే పెనమా? ఈ నీళ్ళు పాపక్క బండికి పంపిస్తా, ఎగ్ రైస్ చేసుకుంటాది."

"సారీ ఆంటీ. ఇంకెప్పుడూ గుడ్డు తేనండి."

చెప్పినట్లే గుడ్డు తీసుకురాలే, నా ఇడ్లీ తెచ్చినాడు. ఇడ్లీ, వడ, సంగటి ముద్ద మూడూ నీళ్ళలో వదిలినాడు. వడ తేలింది. సంగటి రాయి మాదిరి దిగింది. నా ఇడ్లీ కొంచెం సేపు ఆలోచించి, అదీ దిగింది.

"గాలి ఉన్నది తేలుతుంది, లేనిది మునుగుతుంది" అని చెప్తా ఉండాడు.

"అది చెప్పేదానికి నా ఇడ్లీ మర్యాద తీయాలనా" అన్నా. "నన్నడిగుంటే పిండి గిన్నెలోనే చూపించేదాన్ని." వారం దినాలు ఆ జట్టోళ్ళు నా దగ్గర వడే అడిగినారు.

కథ మొదలైంది ఉంగరంతో. వర్షిణి అని ఒక పాప, పెండ్లి కుదిరిన ఉంగరం వేలికి వదులుగా ఉండాది, పూల్‌లో జారిపోయింది. పాప గట్టున కూర్చుని ఏడస్తా ఉండాది. కౌశల్ ఇంకొకరికి బెల్టు బిగిస్తా, "పది నిమిషాలండి, దిగి తీస్తాను" అంటా ఉండాడు. అప్పుడు నేను టీ ఇచ్చేదానికి లోపలికి పోయింటి. పిల్లమ్మ జాకెట్లోనించి ఫోను తీసి నా చేతిలో పెట్టింది, కుచ్చిళ్ళు ఎనక్కి దోపింది, దూకింది. నేను లెక్కపెట్టినా. నలభై మూడు. ఉంగరంతో వచ్చింది. ఇంకో చేతిలో రెండు పిన్నులు, ఒక రూపాయి బిళ్ళ.

"అడుగున ఇంకా ఏమేమో ఉండాయి. తెచ్చేదానికి ఊపిరి చాలలేదు" అనింది.

గురుమూర్తి సారు పరిగెత్తుకుంటా వచ్చినాడు. "పిల్లమ్మా, నీకేమన్నా అయితే నేనేం చెప్పుకోవాలి? ఇంకోసారి దూకితే ఊరుకోను."

కౌశల్ మధ్యలో పోయి, "సార్, ఈవిడ చెవులకి ఏమీ అవలేదు చూశారా? మనవాళ్ళకి అది నేర్పడానికే వారం పడుతుంది. సిలిండర్ కట్టి నేను నేర్పిస్తాను" అన్నాడు.

ఆ మాటకి పిల్లమ్మ నోరు మూసుకునింది. నేను భయపడినా, జ్వరమేమో అని.

సాయంత్రం బండి దగ్గర స్టూల్ మీద కూర్చుని చెప్పింది. "అక్కా, నూరు బావుల అడుగు తాకినా. ఒక్కదాంట్లో కూర్చోలే. తాకేది, వచ్చేసేది. బంధువులింటికి పోయి గడప తొక్కి ఎనక్కి వచ్చేసినట్లు. చీకట్లో తడుముకునేదే గానీ అడుగు ఎట్లుంటాదో కండ్లారా చూడలే. ఒక్కసారి కూర్చోవాల. తొందర లేకుండా."

ఆ కోరిక విన్నాక నాకూ ఊరుకోబుద్ధి కాలే. సారు దగ్గరకి నేనే పోయి అడిగినా. ఆయన ఆలోచించి, "అందరికీ ఉన్న పరీక్షే ఆమెకీ. పాసైతే దిగనీ" అన్నాడు.

ఆ పరీక్ష ఏమంటే, నీళ్ళ మధ్యలో కాళ్ళు మడుచుకుని ఒక నిమిషం నిలవాల. అడుగు తాకకూడదు, పైకి తేలకూడదు. చేతులు ఆడించకూడదు. ఊపిరి పీలిస్తే కొంచెం లేస్తాము, వదిల్తే కొంచెం దిగుతాము, ఆ రెండిటితోనే సరిచూసుకోవాల.

సోమవారం పూల్‌కి సెలవు. దిగేటప్పుడు ఒంటికి బిగించే నల్ల రబ్బరు గుడ్డలోకి పిల్లమ్మని దూర్చేదానికి సబ్బు నీళ్ళు పోయాల్సి వచ్చింది. "వంకాయ మాదిరి ఉండావే" అన్నా.

"గుత్తి వంకాయ. మసాలా లోపలుండాది" అనింది.

దిగింది. నేను కిటికీ దగ్గర నిలబడినా. మొదట బాగానే ఉండాది. మధ్యలో నిలవమని కౌశల్ సైగ చేసినాడు. ఆయమ్మ గట్టిగా గాలి పీల్చింది, బుగ్గలు బిగబట్టింది. అంతే, బుడగలు ఆగిపోయినాయి, మనిషి వడ మాదిరి పైకి పోతా ఉండాది. కౌశల్ కాలు పట్టుకుని లాగినాడు. వీపు మీద చరిచి, ఊపిరి వదిలించి, మెల్లగా పైకి తీసుకొచ్చినాడు.

"ఆంటీ, ఊపిరి బిగబట్టొద్దని వంద సార్లు చెప్పానా లేదా?"

"మా నాయన ఊపిరి వదిల్తే సస్తావన్నాడు. నువ్వు వదలకపోతే సస్తావంటా ఉండావు. మీరిద్దరూ ముందు కూర్చుని ఒక మాటకి రండప్పా."

"మీ నాన్నగారు చెప్పింది బావికి కరెక్టేనండి. పైన పీల్చిన గాలి అడుక్కి వెళ్ళి, మళ్ళీ పైకొస్తే ఎంతుందో అంతే ఉంటుంది. ఇది సిలిండర్‌లోంచి అడుగున పీల్చిన గాలి. బిగబట్టి పైకొస్తే పెరుగుతుంది. ఆ బెలూన్ ఏమైందో చూశారుగా. ఊపిరితిత్తులూ అంతే."

పిల్లమ్మ రెండు చేతులూ ఎద మీద పెట్టుకునింది. గురుమూర్తి సారు గట్టు మీదనించి అన్నాడు, "వచ్చే సోమవారం ఒక్క ఛాన్స్. మళ్ళీ ఊపిరి బిగబడితే ఇంక నీళ్ళ దగ్గరికి రావద్దు. నాకు నువ్వు బతికుండటం కావాలి." కోపంగా అన్నాడు గానీ మాట తప్పు కాదు.

ఆ వారమంతా నా బండి దగ్గర అదే పని. కౌశల్ వచ్చి నా షాంపూ దండలోనించి ఐదు ప్యాకెట్లు తెంపినాడు. లోటా నీళ్ళలో వేసి చూసినాడు. మూడు మునిగినాయి, రెండు తేలినాయి. తేలినదాన్ని నిండా నీళ్ళుండే ప్లాస్టిక్ సీసాలోకి దూర్చి మూత బిగించినాడు. సీసాని పిసికితే ప్యాకెట్ అడుక్కి పోతాది. చెయ్యి వదిలితే పైకి వస్తాది. ప్యాకెట్‌లో పిసరంత గాలి చిక్కుకుని ఉండాదంట, పిసికితే ఆ గాలి చిన్నదై ప్యాకెట్ మునుగుతాది.

పిల్లమ్మ ఆ సీసాని చంకలో పెట్టుకుని తిరిగింది. బస్సులో కూడా పిసికిందంట, పక్కనామె ఇదేమి మొక్కు అని అడిగిందంట. మూడో దినానికి ప్యాకెట్‌ని సరిగ్గా మధ్యలో నిలబెట్టింది. అటూ పోదు, ఇటూ పోదు.

"చూసినావా అక్కా. ప్యాకెట్ నేను. పిసికే చెయ్యి నా ఊపిరి. తెలివికి ఎక్కింది. ఒంటికి ఎక్కలే."

నిజమే. నా పాత్రలు కడిగే బకెట్ నిండా మంచినీళ్ళు పట్టి మొహం ముంచమన్నా. మొహం తడిసిందో లేదో, నోరు తలుపేసినట్లు మూసుకుంటాది. నేను ఎంత అరిచినా బుడగ రాదు. నాగప్ప ఆ నోటికి వేసిన గడియ నలభై ఏండ్లైనా ఊడలే. శుక్రవారం అయింది, శనివారం అయింది. ఆయమ్మ తిండి కూడా తగ్గించింది.

ఆదివారం సాయంత్రం మళ్ళీ బకెట్‌లో మొహం. అంతలో ఒక డెలివరీ ఆయన బండి తెచ్చి, పిల్లమ్మ అప్పుడే తుడిచి ముగ్గేసిన పూల్ మెట్టు మీద చక్రం ఎక్కించి నిలబెట్టినాడు. "ఆంటీ, ఈమెకేమయ్యింది, బకెట్‌లో ఏం చూస్తుంది" అని నన్నడిగినాడు.

పిల్లమ్మ నోరు నీళ్ళలోనే ఉంచి, కండ్లు మాత్రం బకెట్ అంచు పైకి ఎత్తి చక్రం చూసింది. బకెట్‌లోనించే మొదలు పెట్టింది. మాటలు అర్థం కాలేదు గానీ వాడి ఇంటోళ్ళందరూ అందులో ఉండారని సులభంగా తెలిసింది. గుడగుడ గుడగుడమని బుడగలు. బకెట్ అన్నం కుండ మాదిరి ఉడుకుతా ఉండాది. వాడు బండి తోసుకుని పోయినాడు.

నేను గంటె కింద పెట్టినా. "పిల్లమ్మా, ఎత్తు తల."

"ఏమి?"

"బయట నీకు ఊపిరాడేదే తిట్టేదానికి. నీళ్ళలోకి పోతే మర్యాదస్తురాలివి అవతా ఉండావు. అదే నీ రోగం. తిట్టేవాళ్ళకి ఊపిరి యాడాగుతాది?"

ఆయమ్మ మొహం మీద నీళ్ళు కారతా ఉండాయి. తుడుచుకోలే. మళ్ళీ ముంచింది. ఈసారి ఆడబిడ్డతో మొదలు పెట్టిందని నాకు అనుమానం.

సోమవారం కిటికీ దగ్గర నేనూ గురుమూర్తి సారూ నిలబడినాము. లోపల కౌశల్ గడియారం చూపించినాడు. పిల్లమ్మ కాళ్ళు మడుచుకునింది. కొంచెం లేస్తా ఉండాది. అంతలో బుడగలు వచ్చినాయి. గుడగుడగుడ. దిగింది, మధ్యలోకి వచ్చింది. పొడుగు తిట్టు తిడితే జానెడు దిగుతాది. మళ్ళీ గాలి పీలిస్తే జానెడు లేస్తాది. తర్వాత కొలత చిక్కింది, చిన్న చిన్న తిట్లు వేసింది, పిసరంత కూడా కదల్లే. సీసాలో షాంపూ ప్యాకెట్టే.

"ఏం చేస్తోంది ఆమె? జపమా?" అన్నాడు సారు.

"అట్లాంటిదే సార్" అన్నా.

నిమిషం అయిపోయింది. కౌశల్ బొటనవేలు చూపుడు వేలు కలిపి బాగుందని చూపించినాడు. పిల్లమ్మ వినలే, మొదలు పెట్టిన మనిషిని పూర్తిగా తిట్టి ముగించింది. ఆ తర్వాత మెల్లగా అడుక్కి దిగి, టైల్స్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

కౌశల్ పైకి పోదామని సైగ చేసినాడు. ఉండప్పా అని చెయ్యి చూపించింది. ఆయన సిలిండర్ ముల్లు చూసి, సరేనని పక్కనే కూర్చున్నాడు. పిల్లమ్మ టైల్స్ మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. తల ఎత్తి పైకి చూసింది. పైన నీళ్ళ తోలు మీద ఎండ కదులుతా ఉండాది, ఆ వెలుగు ఆయమ్మ మొహం మీదా కదులుతా ఉండాది. తిట్టేది ఆపేసింది. బుడగలు మాత్రం ఆగలే. ఒకదాని ఎనక ఒకటి, తొందర లేకుండా, పోతానే ఉండాయి.

ఎంతసేపు కూర్చుందో నేను లెక్కపెట్టలే. పొయ్యి మీద పెట్టొచ్చిన పప్పు సారు మాడిపోయింది, అంతసేపు.

లేచే ముందు నడుముకి చెక్కుకున్న ఖాళీ సీసా తీసింది. నీళ్ళు నింపి తలకిందులు పట్టుకుని, నోట్లోని గొట్టం తీసి, సీసా మూతిలోకి ఊదింది. బుడగలు లోపలికి పోయి నీళ్ళు బయటికి వచ్చినాయి. మూత బిగించి, గొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకుని, కౌశల్ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది. దారి పొడుగునా బుడగలే.

గట్టుకి రాగానే గురుమూర్తి సారు అడిగినాడు. "పాస్. అంతా బాగుంది. కానీ ఎవర్ని పిల్లమ్మా అంతసేపు తిట్టింది?" నేను అట్లాంటిదే అన్నప్పుడే ఆయనకి అనుమానం వచ్చినట్లుండాది.

"మీ పేరు రెండుసార్లే వచ్చింది సార్."

ఆయన ఇంకోటి అడిగేలోపల పిల్లమ్మ అనింది, "సార్, మూలల్లో పాచి ఉండాది. ఇన్నేండ్లూ పైనించి కడిగి తెల్లగా ఉండాదనుకున్నా. కిందనించి చూస్తే సిగ్గయింది. సోమవారం సోమవారం నేను దిగి తోముతా. కౌశలప్పని తోడు పంపండి." అట్ల ఆయమ్మ ప్రతి వారం అడుగున కూర్చునేదానికి దారి చేసుకునింది. తోమేది పది నిమిషాలే. మిగతాది నేను చెప్పను.

ఆ మధ్యాన్నం బండి దగ్గరకి వచ్చి సీసా నా చేతిలో పెట్టింది. గాలి తప్ప ఏమీ లేదు, అయినా రాయి మాదిరి గట్టిగా ఉండాది, వేలితో నొక్కితే లోపలికి పోలే.

"మా నాయన నూరు బావుల్లోనించి బిందెలు తెచ్చినాడు. అడుగునించి ఊపిరి ఎవరూ తేలే. తెరువు."

మూత తిప్పినా. బుస్సుమనింది. మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసినా. ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ, దానెనక సంగటి, దానెనక ఇంకా ఏదో చెప్పకూడనిది.

"కంపు కొడతా ఉండాది" అన్నా.

"నీ బండి తిండే కదా" అనింది పిల్లమ్మ, తలకి పోసుకునేదానికి షాంపూ ప్యాకెట్ ఒకటి తెంపుకుంటా. "పదహారడుగులు మునిగి తేలినా పోలేదంటే, ఉల్లిగడ్డ కొంచెం తగ్గించక్కా."